చిప్పగట్టు తలల పుస్తకం

పిలుపు 2207

ఈ పుస్తకంలో పేర్లు, అంకెలు తప్ప మరేమీ రాయకూడదని చిప్పగట్టు పురపాలక సంఘం ఇరవై ఏళ్ళ కింద తీర్మానించింది. తీర్మానించిన ఏడుగురిలో ఇప్పుడు బతికున్నది ఒక్కడే, మా ఛైర్మన్ వన్నూరప్ప. అతనికి దగ్గరి అక్షరాలు కనిపించవు. నేను చదివి వినిపిస్తే తప్ప ఇందులో ఏముందో తెలియదు. కాబట్టి ఈ రోజు నుంచి నాకు తోచింది రాస్తాను. అడిగేవాడెవడో అడగనీ.

పొద్దున సొరంగం గోడ పలక మీద ఎర్రదీపం వెలిగింది. గనిలో మందు దట్టించడం అయిపోయిందని దాని అర్థం. చేత్తో తిప్పే సైరన్ మాది. తిప్పీ తిప్పీ నా కుడి భుజం ఎడమదానికంటే లావైంది. జనం నెత్తిన ఇనప టోపీలు పెట్టుకుని, చంకలో పిల్లలు, చేతిలో జొన్నరొట్టెల మూటలతో పాత రైలు సొరంగంలోకి వచ్చారు. రైళ్ళు ఆగిపోయి ఎనభై ఏళ్ళయింది. ఇప్పుడు ఆ సొరంగమే మా ప్రాణం. గని పేలిందంటే ఊరి మీద రాళ్ళు కురుస్తాయి.

గనిలో మనుషులు లేరు. తవ్వేది, పేల్చేది, మోసేది అంతా ఒక్క యంత్రం. దాన్ని మేస్త్రి అంటాం. దాని చేతికింద పనిచేసే నాలుగు కాళ్ళ ఇనప గొడ్లు ఎనుములు. మా ఊరి తలలెన్నో మేస్త్రి దగ్గర ఒక అంకె ఉంటుంది. సొరంగంలో నేను పేరుపేరునా పిలిచి, పలికినవాళ్ళను లెక్కపెట్టి, గోడకున్న ఇత్తడి పలక మీద మూడు చక్రాలు తిప్పి ఆ అంకె పెట్టి మీట లాగుతాను. రెండంకెలూ ఒకటైతే గొట్టంలోంచి మేస్త్రి గొంతు "సరిపోయింది" అంటుంది. పద్నాలుగు లెక్కపెట్టేలోగా గని పేలుతుంది. ఒకటి కాకపోతే "సరిపోలేదు" అంటుంది, పేలదు. ఈ రెండు మాటలు తప్ప దానికి మాతో మాటలు లేవు, మాకు దానితో అసలే లేవు. మేం కోరి పెట్టుకున్న షరతు అది.

దానికో కారణముంది. మొదట్లో గని కంపెనీవాళ్ళు మా అందరి ఎడమ మణికట్టు చర్మం కింద కందిగింజంత బిళ్ళ పెట్టారు. లెక్క యంత్రమే చూసుకుంటుంది, మీకెందుకు శ్రమ అన్నారు. మొదటి రాళ్ళవాన రోజు బిళ్ళలన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి జనమంతా క్షేమమని యంత్రం చెప్పింది. నలభై మూడు శవాల చేతుల్లోనూ బిళ్ళలు బాగానే పనిచేస్తున్నాయి. అందులో వన్నూరప్ప పెళ్ళాం ఒకటి, మా అమ్మానాన్నలు ఇద్దరు. ఆ సాయంత్రం బడి అరుగు మీద వరసగా కూర్చుని కొడవలి మొనతో ఎవరి బిళ్ళ వాళ్ళు పెరికేసుకున్నాం. పిల్లలవి తల్లులు పెరికారు. మా తమ్ముడు ఈరన్నది నేను పెరికాను. వాడికప్పుడు ఆరేళ్ళు. నా మోకాలు కొరికాడు గానీ ఏడవలేదు.

అప్పటి నుంచి నోటి పిలుపే. దానికో ఆచారం కూడా వచ్చింది. మనిషి పోతే పదకొండో దినం దాకా పేరు కొట్టెయ్యం. పిలుపులో ఆ పేరు వచ్చినప్పుడు ఇంటివాళ్ళు "ఉండాడు" అనో "ఉండాది" అనో పలకాలి. ఆ నలభై ముగ్గురికీ యంత్రమే పలికింది, మనుషులు పలకలేదు. అందుకని పెట్టుకున్నాం.

నాలుగో వార్డు నరసక్క నిన్న పోయింది. ఈ రోజు ఆమె పేరు పిలిస్తే కోడలు కొంగు నోట్లో కుక్కుకుని "ఉండాది" అంది. మొత్తం ఆరువందల పన్నెండు. చక్రాలు తిప్పి మీట లాగాను.

"సరిపోలేదు."

ఇరవై ఏళ్ళలో నిండు లెక్కకు ఆ మాట వినలేదు. మళ్ళీ పిలిచాను, మళ్ళీ అదే అంకె, మళ్ళీ అదే మాట. పొద్దు తిరిగాక అందరం బయటికొచ్చాం.

ఇంకో సంగతి. నరసక్కను పూడ్చేటప్పుడు మిట్ట మీద కంపెనీ తూనీగలు తిరిగాయి. పైనుంచి చూసిపోయే వేలెడంత ఇనప తూనీగలు. నెల రోజులుగా వాటికి శ్మశానం తప్ప ఇంకో చోటు లేనట్టుంది. రాయి విసిరి ఒకదాన్ని కూల్చాను.

పిలుపు 2208

ఈ రోజూ అంతే. ఆరువందల పన్నెండుకు సరిపోలేదట. జనం సంబరపడ్డారు. మద్దిలేటి సొరంగం నోట్లో నిలబడి, "మేస్త్రికి పక్షవాతమొచ్చినాదప్పా, ఇంగ లెయ్యదు" అని చిందేశాడు. ఊరి నీళ్ళ గొట్టం వాల్వు తిప్పే పని వాడిది. మా ఈరన్నకు చిన్నప్పటి నుంచి జతగాడు.

వన్నూరప్ప మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంగోసారి లెక్కబెట్టు ఉరుకుందమ్మా."

"నాలుగుసార్లు బెట్టినా మామా."

"నరసక్కను గూడా కలిపినావా?"

"పదకొండు దినాలు కలపక యాడికి పోతాది?"

ఏదో అనబోయి గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు. ఆ సవరింపు నాకు నచ్చలేదు. అప్పుడే చొక్కా పట్టుకుని అడగాల్సింది. రొట్టెలు చెయ్యాలి, ఇంటి పైకప్పు మీద రాళ్ళు దించాలి అని వదిలేశాను.

ఈరన్నది బీటల పని. ఊళ్ళో ఏ గోడ బీట వారినా దానికి అడ్డంగా అరచేతి వెడల్పున సున్నం పట్టీ వేసి తేదీ రాస్తాడు. పట్టీ పగిలితే బీట కదిలిందన్నమాట. పగిలినవి సంఘానికి చెప్తాడు, సంఘం కంపెనీకి ఉత్తరం రాస్తుంది, ఉత్తరానికి జవాబు రాదు. పనైతే ఆగదు. గోళ్ళల్లో ఎప్పుడూ సున్నమే. ఆ చేత్తోనే రొట్టె తింటాడని తిడుతుంటాను.

"అక్కా, బీటలు పైనుంచి కిందికి దిగడంల్యా. కింద నుంచి పైకి పాకతాండాయి. ఊరి కింద తవ్వుతాండారు."

"పొలిమేర రాయి దాటి తవ్వకూడదని ఒప్పందంలో ఉండాది గదరా."

"ఒప్పందం పైనుండాది, వాళ్ళు కింద పోతాండారు. ఎండిన దిగుడుబావి అడుగున చెవి పెట్టి ఇంటే తేలిపోతాది. రెండు దినాలుగా పేలడంల్యా, ఇదే అదను. రేపు పోతా."

"సైరన్ ఇంటే పరిగెత్తుకొచ్చెయ్."

"అడుక్కు ఇనపడకపోతే?"

"నీ పేరు పలక్కపోతే లెక్కలో ఒకటి తగ్గుతాది. తగ్గితే పేలదు. ఇరవై ఏండ్లుగా ఉండే ధీమా అదే గదరా."

ఆ మాట నేనే చెప్పాను. వాడు నా మాట నమ్మాడు.

పిలుపు 2209

జరిగింది జరిగినట్టు రాస్తాను.

దీపం వెలిగింది, సైరన్ తిప్పాను. మొదటి వార్డు నుంచి పిలుచుకుంటూ వచ్చాను. మూడో వార్డులో ఈరన్న పేరు దగ్గర ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచాను. మద్దిలేటి, "బావి కాడుంటాడక్కా, నేను పోయి తెస్తా" అని లేచాడు. "కూచో, పేలదులే" అన్నాను. నాలుగో వార్డులో నరసక్క కోడలు "ఉండాది" అంది. చివరిదాకా పిలిచాను. ఆరువందల పదకొండు.

పన్నెండు కావాలి, పదకొండు వచ్చింది. నాకు భయం లేదు సరికదా, కొంచెం హాయిగా కూడా ఉంది. పిలుపయ్యాక వచ్చిన అంకె పంపాల్సిందే, ఒకటి తగ్గిన అంకె పంపితే యంత్రం ఆగుతుంది. వాణ్ణి ఆపద నుంచి తప్పిస్తున్నానని అనుకుంటూనే చక్రాలు తిప్పి మీట లాగాను.

"సరిపోయింది."

నేను మీట పైకి నెట్టాను. లాగాక అది బిగుసుకుపోతుంది, పేలేదాకా కదలదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా రెండు చేతులతో నెట్టాను, కాలితో తన్నాను. మద్దిలేటి బయటికి పరిగెత్తబోతే నలుగురు పట్టుకుని నేలకు అదిమారు. వాడు ఒకడి చెవి కొరికేశాడు. నోట్లో నెత్తురుతోనే "ఈరా, ఈరా" అని అరిచాడు. నేను లెక్కపెట్టాను. అలవాటైన పని కదా, నోరు దానంతటదే లెక్కపెట్టింది.

ఈసారి పేలుడు పడమటి కొండ వైపు కాదు, మా కాళ్ళ కిందే. నేల ఒక్కసారి పైకి లేచి పడింది. పైన ఇటుకలు ఊడి ఇద్దరు పిల్లల తలలు పగిలాయి. దుమ్ము తగ్గాక బయటికొస్తే మూడో వార్డు ఒక నిలువు కిందికి దిగిపోయి ఉంది. బావి ఉన్న చోట బావి లేదు. రాళ్ళూ మట్టీ కలిసిన పెద్ద గుంట, దాని మీద ఇంకా పొగ.

వాడు చెప్పింది నిజం. ఊరి కిందే తవ్వుతున్నారు. వాడి శవం కిందుండగా రుజువైంది.

పిలుపు లేదు

రెండు రోజులు గడ్డపారలతో, చేతులతో తవ్వాం. నా వేళ్ళకు మూడు గోళ్ళు లేవు. మూడో మెట్టు రాయి పక్కన ఎడమ చెయ్యి దొరికింది, మోచేతి దాకా. మణికట్టు మీద మచ్చ. కొడవలి జారి వంకరగా తెగిన మచ్చ అది, నేను తెంపిందే. గోళ్ళల్లో సున్నం ఉంది.

ఇంకా లోతుకు పోతే మిగతా మట్టంతా మీద పడేలా ఉందని ఆపారు. చేతిని నా చీర కొంగులో చుట్టి మిట్ట మీద పూడ్చాం. ఎత్తు ఆరడుగులున్నవాడికి మూరెడు గుంట చాలింది. పైన తూనీగలు తిరిగాయి. ఈసారి రాయి విసిరే ఓపిక లేకపోయింది.

మట్టి వేసిన చేతులతోనే జనం గని గేటుకు నడిచారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. గడ్డపారలు, రోకళ్ళు, గొడ్డళ్ళు, ఏది దొరికితే అది. నేనూ వెళ్ళాను. గేటు మూడు దెబ్బలకే వంగింది. లోపలి నుంచి రెండు ఎనుములొచ్చాయి.

మొదటిదాని ముందరికాళ్ళకు గొలుసు వేసి యాభై మందిమి లాగాం. పక్కకు పడింది. పడ్డదాని మెడ సందులో గడ్డపార దించి తిప్పితే నల్లటి నూనె నా మొహం మీదికి చిమ్మింది. వేడిగా ఉంది. అది కాళ్ళు కొట్టుకుంటుంటే నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఇనప ముక్క అని తెలుసు. అయినా అది అరిస్తే బాగుండు అనిపించింది.

రెండోది మద్దిలేటిని గేటు స్తంభానికి అదిమింది. దానికి కోపం లేదు, తొందర లేదు. గోడ మీద సున్నం అద్దినట్టు మెల్లగా అదిమి, అలాగే నిలబడింది. వాడి నడుము దగ్గర విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆడవాళ్ళు దాని కాళ్ళ మీద రోకళ్ళతో కొడుతూనే ఉన్నారు. వాడు నా వైపు చూసి, "ఈరన్న ఇంట్ల నా ఇనప టోపీ ఉండాది, మాయమ్మకియ్యండి" అన్నాడు. అదీ ఆఖరు మాట.

వెనక్కి వచ్చేటప్పుడు చూశాను. పొలిమేర రాయికి ఇరవై అడుగుల దూరంలో కొండమొహం నిండా బెజ్జాలు తొలిచి మందు దట్టించి ఉంది. వరసలు వరసలుగా పసుపు మూతలు. తరవాతి పేలుడుకు మేస్త్రి అప్పుడే సిద్ధమైపోయింది. సొరంగంలో ఎర్రదీపం వెలుగుతోంది. ఇక సైరన్ తిప్పేది లేదని చెప్పేశాను.

పిలుపు లేదు

పన్నెండుకు సరిపోలేదు, పదకొండుకు సరిపోయింది. మద్దిలేటిని కూడా పూడ్చి వచ్చాక స్నానం చేస్తుంటే తల మీద చెంబు అలాగే ఆగిపోయింది. మా పుస్తకంలో నరసక్క ఉంది. మేస్త్రి పుస్తకంలో లేదు. నేను ఆపడానికి పంపిన అంకె దానికి పేల్చే అంకె.

జననాలు, మరణాలు సంఘం చెప్తే తప్ప మేస్త్రికి తెలియకూడదు, చావు కబురు పదకొండో దినం దాటాకే చెప్పేవాళ్ళం. ఒప్పందం అది. మరి దానికెవరు చెప్పారు? తడి తలతోనే సంఘం ఆఫీసుకు పోయి కాగితాల పెట్టె బోర్లించాను. అడుగున దొరికింది. నెల కిందటి కాగితం, కంపెనీ ముద్ర. ఊరికి రెండో నీళ్ళ గొట్టం వేస్తారు. దానికి బదులుగా చావుపుట్టుకలు ఇక మీదట మేస్త్రి తానే చూసి నమోదు చేసుకుంటుంది. కింద వన్నూరప్ప సంతకం. శ్మశానం మీద తూనీగలకు అతనే దారి ఇచ్చాడు. ఆ సంతకం తరవాత ఊళ్ళో మొదటి చావు నరసక్కదే.

అతను బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. కాగితం మొహం మీద పెట్టాను.

"నాకెందుకు సూపలేదు మామా?"

"సదివితే నువ్వు వద్దంటావని."

పుస్తకానికి ఇనప అట్ట ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి అతని దవడ మీద కొట్టాను. కుర్చీతో సహా పడ్డాడు. కింద పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాను. రెండు పళ్ళు నేల మీదికి దొర్లాయి. మూడోసారి ఎత్తితే నరసక్క కోడలు నా చేతులు పట్టుకుంది. లేకపోతే ఆ పూటే చంపేసేదాన్ని, దాచుకునేదేం లేదు.

అతను గోడకు ఆనుకుని నెత్తురు మింగుతూ మాట్లాడాడు.

"నాలుగో వార్డులో ఎండాకాలం ఆరుగురు బిడ్డలు నీళ్ళు ల్యాక సచ్చిరి. నువ్వే గదా పదకొండు దినాలు వాళ్ళ పేర్లు పిలిచింది. పేర్లు ఎవరు రాసుకుంటే ఏముండాదిలే అనుకున్యా. నీళ్ళొస్తే సాలనుకున్యా."

"సరిపోలేదన్న దినమే నీకు తెలిసింది. నరసక్క సంగతి అడిగినావు."

"అనుమానమొచ్చినాది. సెప్తే ఊరు నన్ను తంతాదని ఊరుకున్యా."

భయపడి ఊరుకున్నాడు. మా ఈరన్న చావుకు కారణం అంతే. పెద్ద కుట్ర ఏదైనా ఉంటే బాగుండేది. ఊరు నిజంగానే వచ్చి తన్నింది. అతని ఇంటి తలుపు పీకేశారు, పొయ్యి పగలగొట్టారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పిలుపు లేదు

నరసక్కకు పదకొండో దినం మొన్నయింది. ఆమె పేరు కొట్టేశాను. ఈ రోజు కంపెనీ మనుషులు వచ్చారు. పదేళ్ళలో ఇదే మొదటిసారి. ఎగిరే బండి బడి ముందర దిగింది. ఒక పెద్దావిడ, ఇద్దరు సహాయకులు. చెప్పులకు దుమ్ము అంటకుండా ఏదో తొడుగు.

విచారణ అన్నారు. నన్ను నిలబెట్టి పెద్దావిడ చాలా మర్యాదగా మాట్లాడింది.

"చూడండమ్మా, యంత్రం పొరపాటు చెయ్యలేదు. చనిపోయిన మనిషిని మీరు హాజరు వేశారు. రిజిస్టరు నిర్వహణలో లోపం అని రాస్తున్నాం. మీ మీద చర్య ఏమీ ఉండదు, కంగారు పడకండి."

"ఊరి కింద ఎందుకు తవ్వినారమ్మా?"

"ఆ ప్రశ్నకు ఇక అవసరం లేదు. ఇది నివాసయోగ్యం కాదని తేలింది కదా. ముప్పై రోజుల్లో మిమ్మల్నందర్నీ వేర్వేరు ఊళ్ళలో సర్దుతాం. దిగుడుబావి వైపు నుంచి తవ్వకం మొదలవుతుంది. రేపు ఛైర్మన్ గారు సంతకం చేస్తారు."

దిగుడుబావి వైపు నుంచి. అక్కడ నా తమ్ముడు ఉన్నాడు, ఒక చెయ్యి తప్ప మిగతా వాడంతా. ఎనుములు వాణ్ణి తవ్వి, మట్టితో కలిపి బండిలో ఎత్తిపోస్తాయి. నేను ఆమె మొహంలోకి చూశాను. చెడ్డ మనిషిలా లేదు. ఇంట్లో ఆమె మాట విని నవ్వేవాళ్ళు కూడా ఉండి ఉంటారు. అయినా చంపాలనిపించింది.

పిలుపు 2210

ఈ రోజు ఈరన్నకు పదకొండో దినం. ఇళ్ళన్నీ బీటలు వారాయి కాబట్టి భోజనాలు సొరంగంలోనే పెట్టాం. ఊరంతా అక్కడే ఉంది, మంచం పట్టిన ముసలివాళ్ళను కూడా మోసుకొచ్చారు. సంగటి, గోంగూర. వాడికి గోంగూరంటే ప్రాణం.

వన్నూరప్ప మాత్రం లోపలికి రాలేదు. వాచిన దవడతో సొరంగం నోట్లో నిలబడ్డాడు. వెనక కంపెనీ ముగ్గురూ ఉన్నారు. సంతకం బల్ల మీద కాదు, పొలిమేర రాయి మీద కాలు పెట్టి చెయ్యాలని, చిప్పగట్టు సంఘంలో హద్దు కాగితాలకు అదే పద్ధతని వాళ్ళకు చెప్పాడట. ఆచారం కదా, ఫొటో కూడా బాగుంటుందని పెద్దావిడ ఒప్పుకుంది. అలాంటి పద్ధతి మా ఊళ్ళో ఏనాడూ లేదు.

నేను విస్తళ్ళు పట్టుకుని అతని పక్క నుంచి పోతుంటే ఆపాడు.

"ఉరుకుందమ్మా, నేను రాయి కాడికి పోతాండా. పిలుపులో నా పేరొస్తే ఉండాడని సెప్పు. నాకు పలికేటోళ్ళు ఎవరూ ల్యారు గదా."

"ఈ పూట పిలుపు ల్యాదు మామా."

"నాకు తెలుసు" అన్నాడు.

వెళ్ళిపోయాడు. ముందు అతను, వెనక వాళ్ళు ముగ్గురు. నేను విస్తళ్ళు కింద పెట్టాను. పలక మీద ఎర్రదీపం వారం పైగా వెలుగుతూనే ఉంది. పొలిమేర రాయి ముందర ఏముందో అతనికి నేనే చెప్పాను, పళ్ళు రాలగొట్టిన మర్నాడు. ఆ పసుపు మూతలేమిటో పట్నం నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. సైరన్ మోగకుండా ఏదీ పేలదని వాళ్ళ ధీమా. సైరన్ మాది, యంత్రానికి దానితో పని లేదు. మరి రాయి దగ్గర మనుషులుంటే మేస్త్రి ఆగదా అంటే, ఒప్పందంలో తలలంటే మా పుస్తకంలో ఉన్న తలలు మాత్రమే. ఇరవై ఏళ్ళ కింద రాసింది వాళ్ళే. తమవాళ్ళెవరూ ఎప్పుడూ గనిలో అడుగు పెట్టరని రాసుకున్నారు.

తనతోపాటు వాళ్ళనూ చంపమని అతను నాతో అన్నాడో, ఊరికే ఆ మాట అన్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి పరిగెత్తి అడగొచ్చు, ఇంకా దూరం పోలేదు. నేను అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం వేసింది.

రాయి దగ్గరికి నడక అరగంట. నరసక్క కోడలు నా పక్కకు వచ్చి నిలబడింది. ఏం చేస్తున్నానో ఆమెకు అర్థమైంది. సొరంగం గడప మీద ఆడుతున్న పిల్లలను లోపలికి లాగి, "అందరూ ఈడనే ఉండండప్పా, ఎవరూ బయటికి పోగాకండి" అని గట్టిగా చెప్పింది. నేను వరసల మధ్య నడుస్తూ కళ్ళతో లెక్కపెట్టాను. ఆరువందల ఎనిమిది. వన్నూరప్పను కలిపితే తొమ్మిది. అరగంట దాటాక, అతను లోపల ఉన్నట్టే ఆరువందల తొమ్మిది పెట్టి మీట లాగాను.

"సరిపోలేదు."

మళ్ళీ ఆలోచించాను. నరసక్కను తూనీగలు చూశాయి, మేస్త్రి తీసేసింది. మద్దిలేటిని దాని ఎనుమే చంపింది, తీసేసి ఉంటుంది. ఈరన్న? మేం పూడ్చింది ఒక చెయ్యి. తూనీగలు చూసింది ఒక చెయ్యి. చెయ్యి పోయినంత మాత్రాన మనిషి పోయినట్టు యంత్రం రాసుకోదు. దాని లెక్కలో మా తమ్ముడు ఇంకా ఉన్నాడు. వాణ్ణి చంపిన యంత్రమే పదకొండు దినాలుగా వాడు ఉన్నాడని చెప్తోంది.

నవ్వొచ్చింది, ఆ తరవాత చాలా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చివరి చక్రం మీద సున్నా, దాని పక్కన ఒకటి తెచ్చాను. ఆరువందల పది. నా తమ్ముణ్ణి బతికున్నవాళ్ళలో కలిపి, బతికున్న వన్నూరప్పను లోపలున్నవాళ్ళలో కలిపి మీట లాగాను.

"సరిపోయింది."

ఈసారి లెక్కపెట్టలేదు. చెవులు మూసుకున్నాను.

కొండ పేలింది. రాళ్ళవాన చాలాసేపు కురిసింది. ఆగాక నేనూ ఇంకో నలుగురూ వెళ్ళి చూశాం. పొలిమేర రాయి లేదు. ఒక చెప్పు తొడుగు దొరికింది, శుభ్రంగా ఉంది. దానికి కొంచెం అవతల మండుతున్న కాగితాల సంచి. ఒక బండరాయి మీద ఎవరిదో జుట్టు అంటుకుని ఉంది, పొడుగు జుట్టు. నాకు సంతోషం కలిగింది. కలగలేదని రాస్తే ఈ పుస్తకంలో మొదటి అబద్ధం అవుతుంది. వన్నూరప్ప చొక్కా చెయ్యి ముక్క చూసినప్పుడు మాత్రం వంగి దాన్ని తీసుకుని కొంగున కట్టుకున్నాను. వారం కింద అదే చొక్కా మీద నా దెబ్బకు కారిన నెత్తురు మరక ఉతికినా పోలేదు. దాన్ని బట్టే గుర్తుపట్టాను.

వాళ్ళ తరవాత ఇంకొకరు వస్తారు. ఎనుములతో వస్తారో, కాగితాలతో వస్తారో తెలియదు. సంతకం మాత్రం కాలేదు. ఊరు ఇంకా మాదే, బావి గుంట ఇంకా ఊళ్ళోనే ఉంది.

సొరంగానికి తిరిగొచ్చి పుస్తకం తెరిచి అందర్నీ కూర్చోమన్నాను. పేలుడు తరవాత పిలుపు మా అలవాటు కాదు. ఈ రోజు పిలవాలనిపించింది. కంపెనీ ముగ్గురి పేర్లు ఈ పుస్తకంలో లేవు, వాళ్ళకు పలికే పని మాది కాదు.

మొదటి వార్డు పలికింది, రెండో వార్డు పలికింది. మూడో వార్డులో ఈరన్న పేరు పిలిచి, నేనే "ఉండాడు" అన్నాను. అదే ఆఖరుసారి. అక్కడే గీత పెట్టాను. మద్దిలేటికి వాళ్ళమ్మ ఒళ్ళో ఇనప టోపీ పెట్టుకుని పలికింది.

సంఘం సభ్యుల పేర్లు చివరి పుటలో ఉంటాయి.

"వన్నూరప్ప" అని పిలిచాను.

ఎవరూ పలకలేదు. అతనికి పెళ్ళాం లేదు, బిడ్డలు లేరు, తలుపు పీకేసిన ఇల్లు తప్ప ఏమీ లేదు. జనం తలలు వంచుకున్నారు. కొందరు నా వైపు చూశారు. రెండోసారి పిలిచాను. నరసక్క కోడలు నోరు తెరవబోయింది. చెయ్యెత్తి ఆపాను.

"ఉండాడు" అన్నాను.

ఇంకా పది దినాలు పలకాలి.